టోకున హాజరైన పడవ

పిల్లల్ని వేళకి బడికి రప్పించే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పమని ఈ మధ్య ఇద్దరు కుర్ర పంతుళ్ళు వచ్చి మా వీధి అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళకి గంట ఉంది, గోడ గడియారం ఉంది, గళ్ళు గీసిన హాజరు పట్టీ ఉంది, పైనుంచి అచ్చు కాగితాల మీద ఉత్తరువులు కూడా వస్తాయి. అన్నీ ఉన్నా పిల్లలు మాత్రం రావడం లేదట. లోపలినుంచి మా ఆవిడ, "ఆయన్నా అడుగుతున్నారు నాయనా? ఏ పెళ్ళికీ ముహూర్తానికి అందిన మనిషి కాదు" అంది. నిజమే. అయినా అడగవచ్చినవాళ్ళని వట్టి చేతులతో పంపడం కొట్టు పెట్టుకున్న ఇంట పుట్టినవాడికి చేతకాదు. ఏదో ఒకటి అంటగట్టాలి. వాళ్ళకి అంటగట్టినదే ఇక్కడ రాస్తున్నాను. పనికొస్తే తీసుకోండి, లేకపోతే చూసి వెళ్ళండి.

మాది అమలాపురం బజారు. తాతది పచారీ కొట్టు, నాన్నది అదే కొట్టు, మేనమామలు బెల్లం, చింతపండు అమ్మేవారు. నేను మాటలు నేర్చుకున్నదే బేరాల మధ్య. అమ్మ అన్నం వడ్డిస్తుంటే కూడా, "అంతకి కుదరదు, ఇంకో ముద్ద వేస్తే తింటాను" అనేవాణ్ణట. మా అన్న తూకంలో గట్టివాడు, నేను నోట్లో గట్టివాణ్ణి. కొట్టు ఒకటే, కొడుకులం ఇద్దరం. నాన్న మమ్మల్నిద్దర్నీ కొన్నాళ్ళు చూసి, "వీడు తూచితే కొట్టు మూతపడుతుంది. నోటితో బతికే ఉద్యోగం ఏదైనా చూడండి" అని తేల్చేశాడు. అలా నేను పంతుల్నయ్యాను. చదువు మీద ప్రేమతో వచ్చానని చెప్పుకునేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ కాస్త సిగ్గేస్తుంది.

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కోనసీమలోకి కొత్త కాలవలు పారుతున్న రోజులవి. ఊరివాళ్ళు కొంత, సర్కారు కొంత వేసుకుని బడులు పెట్టడం అప్పుడే మొదలైంది. అలాంటి ఒక బడికి నన్ను పెద్ద పంతులుగా వేశారు. కాట్రేనికోనకి దిగువన, ఉప్పుటేటి గట్టు మీద ఒక తాటాకు పాక. ఏటికి ఇవతల ఊరు, అవతల జాలర్ల పాలెం. రెండు వైపుల పిల్లలకీ అదే బడి అని సర్కారు మాట. ఆ మాట ఊళ్ళో కొందరికి గొంతు దిగలేదు. తమ పిల్లల పక్కన అదే చాప మీద పాలెం పిల్లలు కూర్చోవడమేమిటని లోలోపల గొణుక్కునేవారు. బయటికి మాత్రం ఏమీ అనలేరు, సర్కారు బడి కదా.

ఆ పాకలో నాకంటే ముందే ఒక అయ్యవారు ఉన్నారు. అంతకు ముందు ఊళ్ళో వీధిబడి నడిపినది ఆయనే. కరణంగారికీ, మునసబుగారికీ అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. అటువంటి మనిషిని, మీసం సరిగా మొలవని నా కింద రెండో పంతులుగా వేశారు. నన్ను "షావుకారూ" అని పిలిచేవారు. అందులో గౌరవం ఎన్ని పాళ్ళో నేనెన్నడూ తూచి చూసుకోలేదు. వేళ్ళ కొసలకి ఇసుక అంటుకుని, తెల్ల పంచె మోకాళ్ళ పైకి కట్టి, పొద్దు పొడవకముందే బెత్తం పట్టుకుని గుమ్మంలో నిలబడేవారు. ఆయన జన్మలో ఆలస్యమైనది ఒక్క రోజు కూడా లేదని ఊరంతా చెప్పుకునేది.

హాజరు విషయంలో ఆయన పద్ధతి పాతకాలపు వీధిబడి పద్ధతి. మీకు తెలియకపోవచ్చు, చెబుతాను. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో వేలితో శ్రీ రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడి నుంచి బెత్తం. వాడికి ఒక దెబ్బ, తరవాతివాడికి రెండు, ఆ తరవాతివాడికి మూడు, అలా వచ్చిన వరసనిబట్టి పెరుగుతూ పోయేవి. అసలు రానివాడి ఇంటికి పెద్ద పిల్లలు వెళ్ళి, కాళ్ళూ చేతులూ పట్టుకుని మోసుకొచ్చేవారు. అటువంటివాడు మళ్ళీ పారిపోకుండా కాలికి గొలుసుతో బొండకొయ్య తగిలించేవారు. ఈ పద్ధతిని కాదనే ధైర్యం నాకు లేదు. బెత్తం దించమంటే అయ్యవారు పైపంచె దులుపుకుని వెళ్ళిపోతారు, ఆయన వెనకాల ఊరంతా పోతుంది, పాకలో నేనూ చాపలూ మిగులుతాం.

పాలెం పిల్లలందరూ ఒకే దోనెలో వచ్చేవారు. అది వచ్చేసరికి ఊరి పిల్లల వరస ఎప్పుడో అయిపోయేది. అంటే దోనెలోంచి మొదట దిగినవాడికే బోలెడు దెబ్బలు. కడపట దిగినవాడి సంగతి చెప్పక్కర్లేదు. పైగా వాళ్ళ ఆలస్యం రోజురోజుకీ పెరిగేది. ఇవాళ ఇంత, రేపు ఇంకాస్త, ఎల్లుండి మరికాస్త. అయ్యవారు పళ్ళు కొరుక్కుంటూ బెత్తం జోరు పెంచేవారు. ఒక పక్షం అలా సాగిన తరవాత, హఠాత్తుగా ఒక పొద్దున్న దోనె తెల్లారేసరికి గట్టుకి తగిలేది.

"చూసేవా షావుకారూ? దెబ్బ అంటే అదీ. ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది" అనేవారు అయ్యవారు, మీసం సవరించుకుంటూ.

నేనూ తల ఊపేవాణ్ణి. మర్నాటి నుంచి మళ్ళీ కాస్త కాస్త వెనక్కి. మళ్ళీ బెత్తం. మళ్ళీ పక్షం గడిచాక ఒక పొద్దున్న వేళకి ముందే హాజరు. మళ్ళీ మీసం. ఇది నెలల తరబడి జరిగింది. కొట్టిన ఫలం అన్నాళ్ళకి కనిపిస్తోందని ఇద్దరం కలిసి సంతోషించాం.

ఒకనాడు పొద్దున్న గట్టు దిగువన పెద్ద కేక వినిపించింది. పరుగెత్తి చూస్తే దోనె బోర్లా పడి ఉంది. పిల్లలు నీళ్ళలో. జాలరి పిల్లలు కదా, ఈత వాళ్ళకి నడక లాంటిది. కాని అందరికంటే చిన్నవాడు దోనె కింద చిక్కుకున్నాడు. దోనెని దాటిస్తున్న ముసలామె చీర కచ్చ బిగించి దిగి, వాణ్ణి జుట్టు పట్టి పైకి లాగింది. వాడు నీళ్ళు కక్కుకుని ఏడుపు అందుకున్నాడు. పలకలు ఏటి పాలయ్యాయి. సంగతేమిటంటే, ముందు దిగినవాడికి దెబ్బలు తక్కువ కదా, అందుకని గట్టు ఇంకా రాకుండానే అందరూ ఒకే పక్కకి ఎగబడి గెంతారు.

ఆ ముసలామెని పాలెమంతా మామ్మ అనేవారు. మగవాళ్ళు సముద్రం మీద ఉంటే పాలెంలో ఆమె మాటే మాట. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకొచ్చిన మనిషి. మనవణ్ణి భుజాన వేసుకుని నా వైపు తిరిగింది.

"సదువు సెప్పమని పంపేమండి, సంపమని కాదు. ఇంక మా పిల్లకాయలు రారండి. ఆయ్."

అయ్యవారు వెనకనుంచి, "వేళకి వస్తే దెబ్బలెందుకు పడతాయమ్మా?" అన్నారు.

"ఆ మాట ఏటితో సెప్పుకోండి" అని దోనె తిప్పించుకుని పోయింది.

మర్నాడు దోనె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మోసుకురావడానికి పెద్ద పిల్లల్ని పంపుదామంటే ఏరు దాటేవాళ్ళెవరు? ఊళ్ళో గొణుక్కునేవాళ్ళకి మంచి సాకు దొరికింది. పాలెం పిల్లలకి చదువు అక్కర్లేదని, వాళ్ళ మూలంగా బడి క్రమం చెడుతోందని అర్జీ పెట్టారు. బడుల ఇనస్పెక్టరుగారి నుంచి జవాబు వచ్చింది: తాము స్వయంగా వచ్చి, పొద్దుటి వేళకి పేర్లు పిలుస్తామని, పలకని పాలెం పిల్లల పేర్లు కొట్టివేసి ఇక బడిలో చేర్చుకోనక్కర్లేదని రాసి వెళతామని.

ఆ కాగితం చదివిన సాయంత్రం నేను ఏటి గట్టున కూర్చున్నాను. నీరు తీసేసి ఉంది. అవతల గట్టున దోనె బురదలో పక్కకి ఒరిగి పడుకుంది. ఆ బురదలో దోనె నడవదు, మనిషి దిగితే మొల దాకా దిగబడతాడు. దాన్ని చూస్తూ చూస్తూ ఉంటే నాకు మా కొట్టుకి ఉప్పు తెచ్చే పడవలు గుర్తొచ్చాయి. అవి ఇవాళ పొద్దున్న వస్తే, రేపు కాస్త పొద్దెక్కి, ఎల్లుండి ఇంకాస్త పొద్దెక్కి. సముద్రపు పోటు రోజుకి కాస్త వెనకబడి వస్తుంది కదా. పక్షం తిరిగేసరికి రాత్రి రావలసిన పోటు తెల్లవారుజామున పడి, పడవ మళ్ళీ పెందరాళే వచ్చేది. ఉప్పు ఆలస్యమైందని మా నాన్న ఏనాడూ పడవవాడి చెయ్యి చాపించి కొట్టలేదు. పుట్టినప్పటినుంచీ చూసిన సంగతి అది. పంతులుగిరీ వచ్చాక మెదడులోంచి ఎక్కడికి పోయిందో! చంద్రుడు తెచ్చిన పిల్లల్ని బెత్తం తెచ్చిందనుకుని మేమిద్దరం అన్నాళ్ళూ మీసాలు దువ్వుకున్నాం.

మర్నాడు పోటు చూసుకుని పాలెం వెళ్ళాను. మామ్మ ఇసుకలో చేపలు ఆరబోస్తోంది.

"రండి పంతులుగారండి. ఏటి కావాలి తమరికి? సావిడాయి సేపలున్నాయి, మాగలున్నాయి."

"పిల్లలు కావాలి మామ్మా."

"అయి అమ్మకానికి లేవండి."

నేను బేరంలోకి దిగాను. "సగం దెబ్బలకి ఒప్పిస్తాను, పంపు."

"ఏ సగం అండి? ముందు దిగిన సగానికా, ఎనక దిగిన సగానికా?"

"సరే. దోనె మొత్తానికి ఒకటే వరస. నా మాట విను. చిల్లరగా ఒక్కొక్కణ్ణి లెక్కపెడితే కదా ఈ తోపులాట. టోకున లెక్కపెడదాం. దోనెలో ఎంతమంది వచ్చినా ఒకడు వచ్చినట్టే. ఎవడు ముందు దిగినా ఎవడు వెనక దిగినా ఒకటే. గెంతక్కర్లేదు."

మామ్మ చేపని తిప్పి వేసి ఆలోచించింది. బాగుందన్నట్టు తల ఊపింది. నేను లోలోపల మా నాన్నని తలుచుకుని పొంగిపోయాను.

"మరి ఆ ఒక్కడి దెబ్బలు ఎవరు తింటారండి?"

అది నేను ఆలోచించలేదు.

"దోనె తినదు కదండి. కొయ్య."

"అయితే పిల్లలే వంతులు వేసుకుని..."

"టోకు బేరం ఎవరు పెట్టేరండి? తమరు. సరుకు పూచీ ఎవరిదండి? బేరగాడిది. తమరే తినండి."

"పెద్ద పంతుల్ని నేను!"

"చెయ్యి కూడా పెద్దదే కదండి" అంది నవ్వకుండా. "ఇంకో సంగతండి. ఓ నెల్లాళ్ళు తమరు పాలెంలోనే ఉండాల. మా పిల్లకాయలతో పాటే దోనె ఎక్కాల, ఆళ్ళతో పాటే దిగాల. ఆలీసం ఎవరిదో అప్పుడు తమరి చెయ్యి సెప్తాది."

"నెల్లాళ్ళా? వారం."

"వారంలో పోటు సగం సుట్టే తిరుగుద్దండి. నెల."

"పక్షం."

"పక్షం" అంది. అంతసేపూ ఆమెకి కావలసింది పక్షమేనని ఏరు దాటి వచ్చేశాక గాని నాకు తట్టలేదు. బజారులో పుట్టి పెరిగి, ఎండు చేపల దగ్గర నా చేతినే నేను తాకట్టు పెట్టి వచ్చాను.

ఇక అయ్యవారితో రెండో బేరం. బెత్తం చంకన పెట్టుకుని విన్నారు.

"పెద్ద పంతులికి నేను దెబ్బలు వేయాలా?"

"పెద్ద పంతులికి కాదండీ, పడవకి."

"పడవకి చెయ్యి లేదు."

"అందుకే నాది అరువిస్తున్నాను."

"చూడు షావుకారూ, నాకు నటించడం చేతకాదు. వేస్తే నిజంగానే వేస్తాను. ఆ తరవాత నన్ను అనకూడదు."

"అననండి."

ఆయన ఒప్పుకున్నారు. పోటు సంగతి కూడా చెప్పాను. "అలాగా" అన్నారు, అంతే. అన్నేళ్ళ బెత్తం మీద నమ్మకం ఒక్క సాయంత్రంలో దిగిపోతుందా?

పాలెంలో నాకు వలలు పెట్టుకునే పాక ఇచ్చారు. శాకాహారినని మామ్మ కొత్త కుండ తెప్పించి, గాలి చేపల వైపు నుంచి రాని మూల వెతికి పొయ్యి పెట్టించింది. అలాంటి మూల ఆ పాలెంలో లేదు, అయినా వెతికింది. తెల్లవారేసరికి పిల్లలు పలకలు ఒళ్ళో పెట్టుకుని దోనెలో కూర్చుని ఉండేవారు. నీరు ఉంటే సరే, లేకపోతే పోటు వచ్చేదాకా అలా కూర్చోవడమే. ఎన్ని నెలలుగా వాళ్ళు అలా అవతలి గట్టున వేళకి ముందే హాజరై కూర్చున్నారో! ఊరికే కూర్చోబెట్టడమెందుకని ఎక్కాలు చెప్పడం మొదలుపెట్టాను. ఏటి మీద గాలికి గొంతులు బాగా లేస్తాయి. పాకలో గుసగుసలాడే పిల్లలు దోనెలో కేకలు పెట్టి చదివేవారు.

ఇవతల గట్టు దిగి, అందరం కలిసి గుమ్మం దగ్గరికి వచ్చేవాళ్ళం. నేను చెయ్యి చాపేవాణ్ణి. అయ్యవారు అన్న మాట ప్రకారం నిజంగానే వేసేవారు. రెండో రోజుకే నా చేత్తో ఘంటం పట్టుకోలేకపోయాను. అయితే ఒకటి జరిగింది. పెద్ద పంతులు దెబ్బలు తినడం చూడాలని ఊరి పిల్లలందరూ తెల్లారకముందే బడికి వచ్చేసేవారు. పిల్లలే కాదు, వాళ్ళ తండ్రులు కూడా పళ్ళు తోముకుంటూ వచ్చి గట్టున నిలబడేవారు. ఊరి హాజరు అంత బాగా ఉండడం అంతకు ముందు లేదు, ఆ తరవాతా లేదు. ఆ ఉపాయం మీరు వాడుకుంటానంటే నాకు అభ్యంతరం లేదు.

పక్షం మధ్యలో పోటు తెల్లవారుజామున పడింది. దోనె చీకటి విడుతూండగానే ఇవతలికి చేరింది. ఊరినుంచి ఇంకా ఎవరూ రాలేదు. అయ్యవారు మాత్రం గుమ్మంలో ఉన్నారు. మేమే మొదటివాళ్ళం. నా ఎర్రబడ్డ చెయ్యి ముందుకి చాపాను.

"నీకెందుకయ్యా? వచ్చింది పడవ కదా" అన్నారు ఆయన. సుద్దముక్క పట్టుకుని గట్టు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, దోనె ముక్కు మీద పెద్ద అక్షరంతో శ్రీ రాశారు. దెబ్బ ఎంత నిజంగా వేశారో ఇది అంత నిజంగా రాశారు. మామ్మ గెడ మీద చేతులానించి దానివైపు చాలాసేపు చూసింది. ఆ రోజు ఏరు తిరిగి దాటేటప్పుడు నీళ్ళు చిమ్మి అది చెరిగిపోతుందేమోనని దోనెని వెనక్కి నడిపించుకుపోయింది.

ఇనస్పెక్టరుగారు వచ్చే రోజు పక్షం కొసలో పడింది. పడరాని రోజున పడింది. తెల్లవారేసరికే ఏటిలో నీటిని వెనక్కి లాగే పాటు మొదలైపోయింది.

"నీరు తీసేత్తందండి" అంది మామ్మ. "ఇప్పుడు తోస్తే అవతల మేట మీద కూకుంటాం. పోటు వచ్చేదాకా ఆగుదామండి."

"ఆగితే పేర్లు పోతాయి మామ్మా. ఇంకా ఇంత నీరుందిగా. తొయ్యి."

"కూకుంటామండి."

"నా పూచీ. తొయ్యి."

నా పూచీ అనగానే ఆమె గెడ వేసి తోసింది. ఏరంతా దాటేశాం. బడి పాక కనిపిస్తోంది, గుమ్మంలో అయ్యవారు కనిపిస్తున్నారు, చాపల మీద ఊరి పిల్లలు కనిపిస్తున్నారు. రాయి విసిరితే తగిలేంత దూరంలో దోనె అడుగు మెత్తగా ఆనింది. మామ్మ గెడ వేసి నొక్కింది. గెడ దిగిపోయింది గాని దోనె కదల్లేదు. చుట్టూ నీరు జారిపోయి నల్లటి బురద తేలింది.

నేను ఊరుకోలేక ఒక కాలు దింపాను. తొడ దాకా దిగింది. పిల్లలందరూ కలిసి నన్ను పైకి లాగారు. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది.

పొద్దెక్కుతోంది. ఏ క్షణాన పేర్లు పిలుస్తారో తెలియదు. పిల్లల్లో ఆడపిల్ల ఒక్కర్తీ లేదు, అందరూ మగపిల్లలే, అయినా ఒకడు ఏడుపు మొదలుపెట్టేసరికి అందరికీ అంటుకుంది. "పేర్లు కొట్టేత్తారేటండి?" అని చిన్నవాడు, ఆ రోజు దోనె కింద చిక్కుకున్నవాడు, నా పంచె పట్టుకుని అడిగాడు. ఏమీ తోచనప్పుడు పంతులికి ఎక్కాలే దిక్కు. "పన్నెండో ఎక్కం" అన్నాను. ముక్కులు ఎగబీలుస్తూనే అందుకున్నారు.

అప్పుడు కాలవ వైపునుంచి ఒక గూటి పడవ వచ్చింది. పెద్ద పడవ, నలుగురు తోస్తున్నారు. లోపలినుంచి ఎవరో, "ఆగొద్దు, వేళయిపోతోంది, పోనీ" అంటున్నారు. అదీ మా వెనకాలే వచ్చి అదే మేట మీద ఎక్కి కూర్చుంది. గూట్లోంచి పొడుగు కోటు, తలపాగాతో ఒక పెద్దమనిషి బయటికి వచ్చి, గొలుసు గడియారం తీసి చూసుకున్నారు. బురద చూశారు. మమ్మల్ని చూశారు.

"ఎవరయ్యా అక్కడ? ఏమిటా కేకలు?"

"బడండీ" అన్నాను.

"బడి ఎక్కడుంది?"

"కొంత గట్టు మీదుందండి. కొంత ఇక్కడుందండి."

ఆయన పడవ అంచున కూర్చుని విన్నారు. కాసేపటికి ఆయనే ఒక లెక్క అడిగారు, బురద మీదుగా. మా పిల్లలు అరిచి చెప్పారు. ఇంకోటి అడిగారు. ఈసారి తప్పు చెప్పి, తమలో తాము పోట్లాడుకుని, ఒప్పు చెప్పారు. ఎండ ముదిరింది. మామ్మ దోనెలోని కొబ్బరి బోండాం ఒకటి తీసి, ఆయన పడవవాళ్ళకి విసిరి, "కొట్టి ఇనస్పెక్టరుగారికియ్యండి. పోటుకి ఇంకా పొద్దుంది" అంది. ఆయన తాగారు. మధ్య మధ్య గడియారం చూసుకోవడం మానలేదు.

పోటు వచ్చింది. మాది తేలిక దోనె, ముందు తేలింది. ఆయనది బరువైన పడవ, ఇంకా మేట వదల్లేదు. మేం గట్టు దిగి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాం. ఇనస్పెక్టరుగారు వచ్చేరని తెలిసి, అర్జీ పెట్టిన పెద్దలు కూడా అక్కడే ఉన్నారు. అయ్యవారు ఎవరినీ చూడలేదు. నా చెయ్యి పట్టుకుని, ఊరి పిల్లలందరి తరవాత పడవకి రావలసినన్ని దెబ్బలు మొదలుపెట్టారు.

"ఆగండి, ఆగండి!" ఇనస్పెక్టరుగారు కోటు పైకెత్తి పట్టుకుని గట్టెక్కుతున్నారు. "ఎవర్ని కొడుతున్నారు మీరు?"

"పెద్ద పంతుల్నండి."

"ఎందుకు?"

"ఆలస్యంగా వచ్చేరండి."

"ఏటిలో నీళ్ళు లేకపోతే ఆయనేం చేస్తాడు!"

ఆ మాట ఆయన నోట వచ్చాక నా నోరు దురద పెట్టింది. పుట్టిన తరవాత మొదటిసారి దాన్ని కట్టేసుకుని ఊరుకున్నాను. మాట్లాడింది అయ్యవారు.

"ఆ మాట తమరు రాసి ఇచ్చేరంటే నేను బెత్తం దించుతానండి. నా చిన్నప్పటినుంచీ వరస తప్పలేదు. ఆలస్యం అంటే ఆలస్యమేనండి. ఆ లెక్కన పడవ తరవాత వంతు..." అని కాస్త తడుముకుని, ఎంతో మర్యాదగా, "తమరిదవుతుందండి. తనిఖీకి వచ్చినవారికి మినహాయింపు ఉందో లేదో పెద్ద పంతులుగారు సెలవివ్వాలి" అన్నారు.

ఎగతాళి కాదది. ఆయనకి ఎగతాళి రాదు. నిజంగానే సెలవు కోసం నా వైపు చూస్తూ నిలబడ్డారు.

ఇనస్పెక్టరుగారు బెత్తాన్ని చూశారు. నా చేతిని చూశారు, అది అప్పటికే మందార పువ్వులా ఉంది. చేతిలో గడియారం చూసుకుని, జేబులో పడేశారు. అర్జీదారుల వైపు తిరిగి, "వీళ్ళు రాలేదని ఎవరు రాసేరు? నేను వచ్చేసరికి వీళ్ళంతా వచ్చేసి ఉన్నారు కదా" అన్నారు. చాప మీద కూర్చుని పేర్లు పిలిచారు. పాలెం పిల్లలు ఏటి మీద అలవాటైన గొంతులతో పలికారు. ఊరి చివర దాకా వినిపించి ఉంటుంది. ఒక్క పేరు కూడా పోలేదు. వెళ్ళేముందు ఆయన రాసి ఇచ్చిన ఉత్తరువు చిన్నదే: ఈ బడికి పాలెం పడవ గట్టుకి చేరినదే వేళ.

ఆ సాయంత్రం నుంచి అయ్యవారు ఏటి దాకా నడిచి వెళ్ళి, నీటి వాలు చూసి, మర్నాడు బడి ఎప్పుడో ఊరి వీధుల్లో కేకవేసి చెప్పి వచ్చేవారు. బెత్తం పూర్తిగా దించారని చెప్పను, అబద్ధమవుతుంది. ఊరి పిల్లలకి అది ఉంది. పాలెం దోనెకి మాత్రం మళ్ళీ తగల్లేదు. పోటుతో పాటు వేళ మారే బడి కోనసీమలో ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు. మాది మాత్రం నేనున్నన్నాళ్ళూ అలాగే నడిచింది. ఆ తరవాత రాజోలు, కొత్తపేట, ఇంకా చాలా చోట్ల చేశాను. మంచి పేర్లు కొన్ని తెచ్చుకున్నాను, చెడ్డవి కొన్ని. వాటిలో ఏదీ ఇంత గర్వంగా చెప్పుకోను.

ఇనస్పెక్టరుగారు వచ్చి వెళ్ళిన మర్నాడు దోనె పోటు మీద నిబ్బరంగా వచ్చింది. ఎవడూ గెంతలేదు, ఒకడి తరవాత ఒకడు దిగారు. అందరూ దిగాక మామ్మ దోనె అడుగునుంచి ఒక చిన్నపిల్లని చంకల కింద పట్టి లేపి గట్టు మీద నిలబెట్టింది. ఆమె మనవరాలు. నూనె రాసి బిగించి దువ్విన జుట్టు, చేతిలో కొత్త పలక. ఆడపిల్లలు మా బడికి వచ్చిన రోజు అంతవరకూ లేదు. మా బేరంలోనూ ఆ మాట లేదు.

"ఇదేమిటి మామ్మా?" అన్నాను.

"కొసరండి" అని, గెడ వేసి దోనె వెనక్కి తోసుకుంది.